పల్లెలోని పట్టభద్రులు - ఐసెట్ పరీక్ష

ఆ మధ్య మేము ప్రచార కార్యక్రమముపై ఒక గ్రామమునకు వెళ్ళియుంటిమి. పంచాయతీ సమావేశము ముగిసినది. హాజరు పుస్తకములో సంతకములైనవి. సభ్యులు లేచుచుండగా ఒక వార్డు సభ్యురాలు మా వద్దకు వచ్చి ఇట్లడిగిరి:

"అయ్యా, మా పెద్దమ్మాయి ఈ ఏడు బి.ఏ. పూర్తి చేస్తుంది. అంతా తెలుగులోనే చదివింది. ఎం.బి.ఏ. చదువుతాను, ఐసెట్ రాస్తాను అంటున్నది. అది పట్నం పిల్లలు రాసే పరీక్ష, మనకెందుకు అంటారు వాళ్ళ నాన్న. దరఖాస్తుకు ఇంకా పది రోజులే గడువు. డబ్బు కట్టమంటారా, వద్దంటారా?"

"కట్టండమ్మా" అని అప్పటికి చెప్పితిమి. కాని ఎందుకు కట్టవలయునో, కట్టిన పిదప ఏమి చేయవలయునో చెప్పుటకు వ్యవధి లేకపోయినది. సర్పంచి గారును మరి ఇద్దరు సభ్యులును అక్కడనే నిలిచి వినుచుండిరి. వారి ఇండ్లలోను డిగ్రీ చదువుచున్న పిల్లలు కలరు. ఇట్టి ఇండ్లు లేని గ్రామము నేడు అరుదు. అందుచే ఆ తల్లికి చెప్పవలసియుండిన సమాధానమును ఇచ్చట కొంత విపులముగా వ్రాయుచున్నాము.

ఐసెట్ అనునది ఎం.బి.ఏ., ఎం.సి.ఏ. తరగతులలో ప్రవేశమునకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు వేర్వేరుగా ఏటేట జరుపు పరీక్ష. రాష్ట్ర ఉన్నత విద్యామండలి పక్షమున ఒక విశ్వవిద్యాలయము దీనిని నిర్వహించును. సాధారణముగా ఫిబ్రవరి, మార్చి నెలలలో ప్రకటన వెలువడును. వేసవిలో పరీక్ష జరుగును. మూడేండ్లకు తక్కువ కాని డిగ్రీ కోర్సులో నూటికి 50 మార్కులు, రిజర్వేషను వర్గముల వారైనచో 45 మార్కులు పొందినవారు ఎం.బి.ఏ.కు అర్హులు. డిగ్రీ చివరి సంవత్సరములో ఉన్నవారును పరీక్ష వ్రాయవచ్చును.  ఎం.బి.ఏ.కు గణితము చదివియుండవలెనను నిర్బంధము లేదు. బి.ఏ. చదివిన పిల్ల నిరభ్యంతరముగా వ్రాయవచ్చును.

ఈ చదువు మన ప్రాంతమునకు క్రొత్త కాదు. విశాఖపట్నములోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1957లోనే ఎం.బి.ఏ. తరగతులు ప్రారంభమైనవి. ఎం.బి.ఏ. అనగా పట్నములో అద్దాల మేడలో కొలువు అని మాత్రమే తలచరాదు. సహకార సంఘము, పాల సేకరణ కేంద్రము, బియ్యపు మిల్లు, రైతు ఉత్పత్తిదారుల సంఘము, బ్యాంకు శాఖ - వీనియన్నిటిలోను లెక్క తెలిసి, మనుష్యులతో పని చేయించుకొనగలిగినవారి అవసరము కలదు. అయితే మంచి కళాశాలలో చదివిన చదువునకును, అధ్యాపకులు చాలని కళాశాలలో గడపిన రెండేండ్లకును చాల దూరమున్నది. రెండవ తరహా కళాశాల నుండి పట్టా వచ్చును గాని పని రాదు. ఆ పట్టాను ఇంటిలో గోడకు తగిలించుకొని, మునుపటి పనికే వెళ్ళుచున్న యువకులను మేము చూచియున్నాము. వారి తండ్రులు చేసిన అప్పులు మాత్రము తీరలేదు.

ఈ పరీక్షను గూర్చి గ్రామములలో ఒక పొరపాటు అభిప్రాయము వ్యాపించియున్నది. మొత్తము 200 ప్రశ్నలు, 200 మార్కులు. 50 మార్కులు వచ్చినచో అర్హత పొందినట్లే. షెడ్యూల్డు కులముల, తెగల వారికి ఆ కనీస మార్కుల నిబంధన కూడ లేదు. తప్పు జవాబునకు మార్కులు తగ్గింపరు. ఇది విని, "సులభమే గదా, చదువనక్కరలేదు" అనుకొనువారు కలరు. ఒక్క నిమిషము లెక్క వేయుదము. ప్రతి ప్రశ్నకు నాలుగు జవాబులిచ్చి సరియైన దానిని గుర్తింపుమందురు. ప్రశ్నను చదువకుండ, కన్నులు మూసికొని గుర్తులు పెట్టినవానికి సగటున నాలుగింట ఒకటి సరిపోవును. అనగా 200కు 50. అర్హత మార్కులును సరిగా 50. కావున అర్హత పొందుట అనునది చదివినవానికిని చదువనివానికిని గల భేదమును చెప్పజాలదు. భేదమును చెప్పునది ర్యాంకు. మంచి కళాశాలలలో సీట్లు తక్కువ. అవి ముందు ర్యాంకుల వారికే దక్కును. ఇంటిలో పిల్లవాడు "పాసైనాను" అని చెప్పినప్పుడు తల్లిదండ్రులు "ర్యాంకెంత?" అని అడుగుట మంచిది.

ఇక ప్రశ్నపత్రము. దానిలో మూడు భాగములున్నవి. విశ్లేషణ శక్తిని పరీక్షించు ప్రశ్నలు రెండు రాష్ట్రములలోను 75. గణితము తెలంగాణలో 75, ఆంధ్రప్రదేశ్ లో 55. ఇంగ్లీషు భాషకు, వ్యాపార కంప్యూటరు పదములకు సంబంధించినవి తెలంగాణలో 50, ఆంధ్రప్రదేశ్ లో 70. వ్యవధి రెండున్నర గంటలు. ఇంగ్లీషు భాగము తప్ప తక్కిన ప్రశ్నలు తెలుగులోను ఇయ్యబడును. అనగా ఆంధ్రప్రదేశ్ లో 130 ప్రశ్నలు, తెలంగాణలో 150 ప్రశ్నలు తెలుగులో చదివి జవాబు గుర్తింపవచ్చును. ఆ తండ్రి గారి సందేహమునకు ఇదే మొదటి సమాధానము.

రెండవ సమాధానము ఆ ప్రశ్నల స్వభావములోనే యున్నది. విశ్లేషణ భాగములో 20 ప్రశ్నలు దత్తాంశ పర్యాప్తత అను తరహావి. పేరు విని బెదరనక్కరలేదు. ఇచ్చిన సమాచారము చాలునా, చాలదా అని తేల్చుటయే దాని అర్థము. పంచాయతీ పెద్దలు నిత్యము చేయు పనియే ఇది. ఇద్దరు రైతులు గట్టు తగాదాతో వచ్చినప్పుడు అనుభవము గల పెద్ద వెంటనే తీర్పు చెప్పడు. "సర్వే రాళ్ళున్నవా? పాసుపుస్తకములో విస్తీర్ణమెంత?" అని అడుగును. రాళ్ళు చాలునా, పుస్తకము చాలునా, రెండును కావలెనా, రెండును ఉన్నను ఇంకను కొలత వేయవలెనా అని మనస్సులో తూచును. పరీక్షలోను సరిగా ఈ నాలుగు జవాబులే ఉండును. ఒక ప్రశ్న, దాని క్రింద రెండు వాక్యములు ఇత్తురు. మొదటి వాక్యమొక్కటియే చాలినచో 1 అనియు, రెండవదొక్కటియే చాలినచో 2 అనియు, విడివిడిగా చాలక రెండును కలిపి చాలినచో 3 అనియు, రెండును కలిసినను చాలకున్నచో 4 అనియు గుర్తింపవలెను.

ఒక ఉదాహరణము: ఒక చెరువు క్రింద ఆయకట్టు ఎన్ని ఎకరములు? మొదటి వాక్యము: ఆయకట్టులో మూడవవంతు వరి వేసిరి. రెండవ వాక్యము: వరి పోగా మిగిలినది 40 ఎకరములు. మొదటి దానిలో ఎకరముల ఊసే లేదు. రెండవ దానిలో వరి ఎంతయో తెలియదు. రెండును కలిపినచో మూడింట రెండు వంతులు 40 ఎకరములని తేలును. మొత్తము 60. కావున జవాబు 3.

మరియొకటి: వార్డు ఎన్నికలో ఇద్దరే పోటీ చేసిరి. గెలిచినవారికి వచ్చిన ఓట్లెన్ని? మొదటి వాక్యము: గెలిచినవారి ఆధిక్యము 40 ఓట్లు. రెండవ వాక్యము: చెల్లిన ఓట్లలో సగమునకు మించి గెలిచినవారికి వచ్చినవి. ఇచ్చట చాలమంది పిల్లలు 3 అని గుర్తించుచున్నారు. రెండు వాక్యములున్నవి గదా, కలిపినచో ఏదో వచ్చునని వారి నమ్మకము. కాని ఇద్దరే పోటీ చేసినప్పుడు గెలిచినవారికి సగమునకు మించి వచ్చుట సహజమే. రెండవ వాక్యము క్రొత్త సంగతి యేదియు చెప్పలేదు. ఓట్లు 100, 60 కావచ్చును. 240, 200 కావచ్చును. జవాబు 4. పంచాయతీలోను ఒకే సంగతిని రెండు నోళ్ళతో చెప్పించి, ఇద్దరు సాక్షులున్నారని వాదించువారిని మీరు చూచియే యుందురు.

ఈ తరహా ప్రశ్నలో జవాబును కనుగొననక్కరలేదు. కనుగొనుటకు వీలున్నదని తెలిసినచో చాలును. 60 ఎకరములా, 70 ఎకరములా అని లెక్కించుచు కూర్చున్నవాడు కాలము పోగొట్టుకొనును. పిల్లలకు ఈ ఒక్క అలవాటు పట్టుబడుటకు రెండు మూడు వారములు పట్టును. పట్టుబడిన పిదప ఇవియే మిక్కిలి తేలికగా మార్కులు తెచ్చిపెట్టు ప్రశ్నలు.

ఆ సాయంకాలము సభ్యులను కూడ మేము ఇట్టి ప్రశ్న యొకటి అడిగితిమి. ఒక గ్రామములో మూడు వార్డులు కలవు. మొత్తము మంచినీటి కుళాయిలెన్ని? మొదటి వాక్యము: మొదటి వార్డులో 20 కుళాయిలున్నవి, అవి మొత్తములో నాలుగవ వంతు. రెండవ వాక్యము: రెండవ వార్డులోని కుళాయిలు మూడవ వార్డులోని వానికి రెట్టింపు. ముగ్గురు సభ్యులు మూడు విధములుగా చెప్పిరి. పాఠకులును ప్రయత్నింతురు గాక. జవాబు చివర ఇచ్చుచున్నాము.

విశ్లేషణ భాగములోని తక్కిన ప్రశ్నలు వరుసలు, సంకేతములు, తేదీలు, పట్టికలను గూర్చినవి. 2, 6, 12, 20, 30 - తరువాత ఏమి? భేదములు 4, 6, 8, 10గా పెరుగుచున్నవి గాన తరువాతి భేదము 12, సంఖ్య 42. సంకేత ప్రశ్నలకు ఇంగ్లీషు అక్షరముల వరుస సంఖ్యలు నోటికి రావలెను. ఇ 5, జె 10, ఓ 15, టి 20, వై 25 - ఈ అయిదు గుర్తున్నచో తక్కినవి వ్రేళ్ళమీద వచ్చును. తెలుగు మాధ్యమములో చదివిన పిల్లలు ఇచ్చట కొంత తడబడుచుందురు. వారము దినముల సాధనతో అది పోవును.

తేదీల లెక్క పంచాంగము చూచు అలవాటున్న ఇండ్లలో పిల్లలకు సరదాగా ఉండును. 1947 ఆగస్టు 15 శుక్రవారము. 1950 జనవరి 26 ఏ వారము? 1949 ఆగస్టు 15 వరకు రెండేండ్లు. అందులో 1948 లీపు సంవత్సరము గాన 731 దినములు. అచ్చటినుండి జనవరి 26 వరకు ఆగస్టులో 16, సెప్టెంబరు 30, అక్టోబరు 31, నవంబరు 30, డిసెంబరు 31, జనవరి 26 - మొత్తము 164. రెండును కలిపి 895. ఏడుచే భాగించినచో 6 మిగులును. శుక్రవారము నుండి ఆరవ దినము గురువారము. గణతంత్ర దినము గురువారమే వచ్చినది.

పట్టికల ప్రశ్నలకు పంచాయతీ కార్యాలయములోనే చక్కని పాఠ్యపుస్తకమున్నది. అది ఇంటిపన్నుల డిమాండు, వసూలు, బాకీల పట్టిక. ఒక సంవత్సరము డిమాండు 2,00,000 రూపాయలు, వసూలు 1,50,000 అనుకొనుడు. మరుసటి సంవత్సరము డిమాండు 2,40,000, వసూలు 1,68,000. వసూలు పెరిగినదా, తగ్గినదా? సొమ్ము 18,000 పెరిగినది. అనగా నూటికి 12. కాని డిమాండు నూటికి 20 పెరిగినది. మొదటి యేడు డిమాండులో నూటికి 75 వసూలుకాగా రెండవ యేడు నూటికి 70 మాత్రమే. సమావేశములో కార్యదర్శి గారు "వసూలు పెరిగినది" అని చెప్పినను, ఒక సభ్యుడు "తగ్గినది" అని చెప్పినను ఇద్దరును నిజమే చెప్పినట్లు. ఏది దేనిలో ఎన్నవ వంతో చూచుటయే ఈ ప్రశ్నలలోని కీలకము. గడచిన మూడేండ్ల పట్టికను కార్యదర్శి గారి అనుమతితో పిల్లలకు చూపి, వారిచేత పది ప్రశ్నలు తయారుచేయింపవచ్చును.

గణితములో ఎక్కువ భాగము పదవ తరగతి స్థాయిదే. వడ్డీలు, లాభనష్టములు, నిష్పత్తులు, కాలము-పని, వైశాల్యములు, కొంత బీజగణితము, రేఖాగణితము, సగటులు. బి.ఏ. చదివినవారు పదవ తరగతి తరువాత గణితమును ముట్టియుండరు గాన భయపడుచున్నారు. ఇంటిలో పడియున్న ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల గణిత పుస్తకములను తిరిగి చదువుటతో ప్రారంభించుట ఉత్తమము. పట్నమునుండి తెచ్చిన లావు పుస్తకముతో ప్రారంభించినవారు మొదటి వారములోనే దానిని మూసివేయుచున్నారు.

వడ్డీ విషయములో మాత్రము గ్రామపు పిల్లలు ఒక పొరపాటు చేయుచున్నారు. దానిని ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. మన గ్రామములలో "రెండు రూపాయల వడ్డీ" అనగా నూటికి నెలకు రెండు రూపాయలు. పరీక్షలో అడుగునది సంవత్సరమునకు నూటికి ఎంత యని. రెండు రూపాయల వడ్డీ అనగా సంవత్సరమునకు నూటికి 24. పదివేల అప్పునకు రెండేండ్లలో బారువడ్డీ 4,800 రూపాయలు. ఏడాదికొకసారి వడ్డీని అసలులో కలుపు చక్రవడ్డీయైనచో మొదటి యేడు 2,400, రెండవ యేడు 12,400 మీద 2,976, మొత్తము 5,376. భేదము 576 రూపాయలు. ఈ లెక్క పరీక్షకు మాత్రమే కాక ఇంటికిని పనికివచ్చును. ఒక తండ్రి, కుమార్తె వేసిన ఈ లెక్కను చూచి, తన చేబదులు కాగితమును పెట్టెలోనుండి తీసి మరల చదువుకొన్న సంగతి మాకు తెలియును.

లాభనష్టములలో వర్తకులు వేయు ఎత్తు ఒకటి పరీక్షలో తరచుగా కనిపించును. 100 రూపాయల వస్తువు ధరను నూటికి 20 పెంచి, పిదప నూటికి 20 తగ్గించినచో మరల 100 వచ్చునని తోచును. రాదు. 120లో నూటికి 20 అనగా 24, మిగులునది 96. కాలము-పని లెక్కలకు కాలువ పూడికతీత ఉదాహరణము చాలును. ఒకరు 12 దినములలోను, మరియొకరు 6 దినములలోను తీయగల పూడికను ఇద్దరును కలిసి 4 దినములలో తీయుదురు. రోజునకు పండ్రెండవ వంతు, ఆరవ వంతు కలిపినచో నాలుగవ వంతగును గదా.

ఇంగ్లీషు భాగమే నిజమైన కష్టము. దానిని కప్పిపుచ్చుట మేలు కాదు. అక్కడ తెలుగు అనువాదముండదు. పదముల అర్థములు, వ్యాకరణము, ఒక వ్యాసఖండమును చదివి దాని క్రింది ప్రశ్నలకు జవాబులు గుర్తించుట - ఇవి మూడు నెలలలో నేర్చిన నియమములవలన రావు; దినదినము చదువుటవలన వచ్చును. అందుచే డిగ్రీ రెండవ సంవత్సరమునుండియే దినమునకు అరగంట ఇంగ్లీషు వార్తాపత్రికలో ఒక వ్యాసమును చదివి, దాని సారమును తెలుగులో నాలుగు వాక్యములు వ్రాయుట మంచిది. తెలుగులో వ్రాయుమనుట చూచి ఆశ్చర్యపడవలదు. అర్థమైనదా లేదా అను సంగతి తెలుగులో వ్రాసినప్పుడే బయటపడును. వ్యాపార, కంప్యూటరు పదములు మాత్రము కొద్దియే. వానిని ఒక చిన్న పుస్తకములో వ్రాసికొని కంఠస్థము చేయవచ్చును.

ఇన్నియు తెలిసినను కాలము చాలక ఓడిపోవువారే అధికము. రెండున్నర గంటలు అనగా 9,000 సెకనులు. 200 ప్రశ్నలకు పంచినచో ఒక్కొక్క ప్రశ్నకు 45 సెకనులు. లెక్కించు యంత్రమును అనుమతింపరు. చేతిలెక్కయే శరణ్యము. కావున ఇరవై వరకు ఎక్కములు, ఇరవైయైదు వరకు వర్గములు నోటికి రావలెను. మన పెద్దలు చదివిన వీధిబడులలో ఎక్కములు అప్పగింపనిదే భోజనమునకు పంపెడివారు కాదు. ఆ పద్ధతిని నేడు కొందరు పరిహసించుచున్నారు గాని ఈ పరీక్షలో దాని విలువ తెలియును. రానిదానిని పట్టుకొని వ్రేలాడరాదు. దానిని వదలి ముందుకు సాగి, చివరి అయిదు నిమిషములలో మిగిలిన ప్రశ్నలన్నింటికిని ఏదో ఒక గుర్తు పెట్టవలెను. తప్పునకు శిక్ష లేనప్పుడు ఖాళీగా విడుచుట నష్టమే.

ఈ చివరి మాట ఐసెట్ నకు మాత్రమే వర్తించును. భారత నిర్వహణ విద్యాసంస్థలు జరుపు క్యాట్ అను పరీక్షలో సరియైన జవాబునకు 3 మార్కులు ఇత్తురు గాని, నాలుగు జవాబులిచ్చిన ప్రశ్నలలో తప్పు గుర్తించినచో 1 మార్కు తగ్గింతురు. కన్నులు మూసికొని గుర్తులు పెట్టినవానికి అక్కడ సగటున సున్నయే మిగులును. ఆ పరీక్ష పూర్తిగా ఇంగ్లీషులోనే ఉండును. ఈ సంస్థలలో మొదటివి 1961లో కలకత్తాలోను అహమ్మదాబాదులోను వెలసినవి. విశాఖపట్నములో 2015లో ఒకటి ప్రారంభమైనది. ఇంగ్లీషులో గట్టి పిల్లలున్నచో వారిని దీనికిని ప్రోత్సహింపవలెను. తక్కినవారికి ఐసెట్ చాలును.

సాధన ఎట్లు చేయవలెను అని మమ్ము అడిగినచో మేము రెండే చెప్పుదుము. పాత ప్రశ్నపత్రములను గడియారము ముందుంచుకొని చేయుట మొదటిది. రెండవది తప్పుల పుస్తకము. చేసిన ప్రతి తప్పును ఒక పుస్తకములో వ్రాసి, ఎందుకు తప్పినదో ప్రక్కన ఒక్క వాక్యము వ్రాయవలెను. తెలియక తప్పినదా, తొందరవలన తప్పినదా, ప్రశ్నను సరిగా చదువక తప్పినదా? నెల దినములైన పిదప ఆ పుస్తకమును తిరుగవేసినచో, తన లోపము గణితములో కాదు, ప్రశ్న చదువుటలో ఉన్నదని తెలిసికొను పిల్లలే అధికము. వేలకు వేలు పుచ్చుకొను శిక్షణ కేంద్రములు కూడ ఇంతకు మించి చేయగలిగినది కొద్దియే యని మా అభిప్రాయము.

ఇక పంచాయతీ చేయగలిగిన పని. గ్రామపు ఇంటిలో పిల్లకు లేనిది తెలివి కాదు. కూర్చుండి చదువుటకు చోటు, నిశ్శబ్దము. ఒకే గది, టెలివిజను, పశువుల పని, వచ్చిపోవు చుట్టములు. మగపిల్లలు ఏ రచ్చబండ మీదనో, బడి వరండాలోనో కూర్చుందురు. ఆడపిల్లలకు ఆ వసతియు లేదు. సాయంకాలము ఆరు మొదలు తొమ్మిది గంటల వరకు పాఠశాలలో ఒక గదిని, ఒక దీపమును, బాధ్యత గల ఒక మనిషిని ఏర్పాటు చేయుటకు పంచాయతీకి పెద్ద ఖర్చు కాదు. పరీక్ష కంప్యూటరు మీదనే జరుగును. అలవాటు లేని పిల్లకు తెరపై చదివి గుర్తు పెట్టుట మొదట ఇబ్బంది. అధికారులు తమ వెబ్‌సైటులో నమూనా పరీక్షను ఉంచుదురు. పంచాయతీ కార్యాలయపు కంప్యూటరును సెలవు దినమున రెండున్నర గంటలు ఇచ్చినచో ఆ ఇబ్బంది తీరును.

పుస్తకముల మాట. 1960 నాటి పౌర గ్రంథాలయముల చట్టము ననుసరించి ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ పన్ను వసూలు చేయుచున్నాము. ఆ సొమ్ము జిల్లా గ్రంథాలయ సంస్థకు చెందవలెను. దానిని సకాలములో జమకట్టక ఇతర ఖర్చులకు వాడుకొను పంచాయతీలు లేకపోలేదు. జమకట్టిన పంచాయతీ ధైర్యముగా అడుగవచ్చును: మా శాఖా గ్రంథాలయమునకు పోటీపరీక్షల పుస్తకములు, ఒక ఇంగ్లీషు పత్రిక పంపుడని తీర్మానము చేసి పంపవచ్చును. బాకీ పెట్టిన పంచాయతీ ఏ ముఖముతో అడుగును?

పరీక్ష అయిన తరువాతనే అసలు జాగ్రత్త అవసరమగును. ఫలితములు వెలువడిన వారములోనే ఏజంట్లు గ్రామములకు వచ్చుదురు. "అన్నియు మేమే చూచుకొందుము, సర్టిఫికెట్లు ఇవ్వండి" అందురు. అసలు ధ్రువపత్రములు ఒకసారి చేయి దాటినచో, పిల్ల ఇష్టమైన కళాశాలకు వెళ్ళుటకు వీలులేక వారు చూపిన కళాశాలలోనే చేరవలసివచ్చును. కళాశాలల ఎంపికను ఆన్‌లైనులో నమోదు చేయుటయు ఇట్టిదే. ఎవరికో సంకేతపదము చెప్పి, "మీరే పెట్టండి" అని వచ్చిన యువకునొకనిని మేమెరుగుదుము. అతనికి వచ్చిన ర్యాంకు మంచిదే. సీటు వచ్చినది మాత్రము అతడెన్నడు పేరు వినని చోట. ఎంపికల క్రమమును ఇంటివద్దనే కాగితము మీద వ్రాసికొని, తానే కూర్చుండి నమోదు చేయవలెను. ఆ కళాశాలలో చదివినవారిని ఒకరిద్దరిని ముందుగా అడిగి తెలిసికొనుట ఏ ప్రకటన చదువుటకంటెను మేలు.

కుల, ఆదాయ ధ్రువపత్రములు, పాఠశాల నుండి డిగ్రీ వరకు చదివిన చోట్ల ధ్రువపత్రములు వేసవికి ముందే సిద్ధముగా ఉండవలెను. ఫీజు సహాయపు నియమములు రాష్ట్రమును బట్టి, సంవత్సరమును బట్టి మారుచుండును గాన, పాత మాటలు నమ్మక ఆ యేటి ఉత్తర్వును జిల్లా సంక్షేమ కార్యాలయములో కనుగొనవలెను. ఏ కళాశాలకు, ఏ సీటుకు సహాయము వర్తించునో తెలిసిన పిదపనే ఎంపికల జాబితా వ్రాయుట మంచిది.

పరీక్ష దినమున ఒక్క నిమిషము ఆలస్యమైనను లోనికి రానీయరు. మొదటి బస్సు ఏడున్నరకు గాని రాని గ్రామములున్నవి. కేంద్రము జిల్లా కేంద్రములోనో, మరి దూరముననో పడును. ముగ్గురు నలుగురు పిల్లలు వ్రాయుచున్నచో పంచాయతీ వారు ఒక ఆటోను ముందురోజే మాట్లాడియుంచుట, ఆడపిల్లల వెంట ఒక పెద్దామెను పంపుట చేయవచ్చును. హాలు టిక్కెట్టు, గుర్తింపు కార్డు రాత్రియే సంచిలో పెట్టింపవలెను.

కుళాయిల ప్రశ్నకు జవాబు 1. మొదటి వార్డులోని 20 కుళాయిలు మొత్తములో నాలుగవ వంతు గాన మొత్తము 80. రెండవ, మూడవ వార్డుల సంగతి నిజమే కావచ్చును గాని, అడిగిన ప్రశ్నకు దానితో పనిలేదు. ఆ సాయంకాలము సరిగా చెప్పినది ఆ వార్డు సభ్యురాలే.